చిల్లుల తోటకూర

"ఈ చిల్లుల కూర మాకొద్దయ్యా," అంది సీతామహాలక్ష్మి.

కృష్ణానగర్ సందులో గంప దించిన ముసలాయన భిక్షం కదల్లేదు.

"పురుగు తిన్నదంటే మందు కొట్టలేదన్నట్టు తల్లీ. బోరు నీళ్లు పెట్టిన. ఎండకు ఎదిగిన ఆకుల బలముంటది. ఆ బండి మీదిది మురికినీళ్ల ఆకు. కడుపుతోనున్న పిల్లకు పెట్టకు."

పక్కనే తిరుమలేశ్ బండి మీద తోటకూర మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది.

ఆవిడ ఇరవై ఏళ్లు సినిమాల్లో హీరోయిన్లకి జడలల్లిన మనిషి. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఆవిడకీ తెలుసు, కాకపోతే సవరాల గురించే వాడేది.

కోడలు భువనకి ఐదో నెల. రక్తం తక్కువుంది, ఆకుకూరలు బాగా పెట్టమంది డాక్టరమ్మ.

"పక్కవాడి బేరం చెడగొడితే నీకేం వస్తుంది?" అని ముసలాయన్ని కసిరింది సీతామహాలక్ష్మి.

తిరుమలేశ్ తలొంచుకుని కట్టలు సర్దాడు. ముసలాయన ఒక కట్ట గుమ్మంలో పెట్టి, "ఊకెనే తీస్కో" అని వెళ్లిపోయాడు.

ఆవిడ దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

రెండు నెలలు బండి మీది కూరే వండి, ముద్దలు కలిపి కోడలికి తినిపించింది. రక్తం పెరగలేదు.

"రక్త పరీక్షలో సీసం కనిపిస్తోందండీ," అంది డాక్టరమ్మ. "ఆకుకూరలు ఎక్కడివి?"

"బండి మీదవండీ. చాలా బావుంటాయి."

"మురుగు కాలవ నీళ్లతో పెరిగితే ఆకు ఆ సీసాన్ని పీల్చుకుంటుంది. అదే కారణమని గట్టిగా చెప్పలేను కానీ, ఇవాళే మానేయండి."

"బిడ్డకేమవుతుందండీ?"

"పుట్టాకే తెలుస్తుంది."

సీతామహాలక్ష్మి కోడలి వైపు చూసింది. తన చేత్తో తనే పెట్టింది. పెట్టిన ముద్ద వెనక్కి తీసుకోలేం కదా.

మర్నాటి నుంచి గుమ్మంలో భిక్షం కోసం కాచుకుంది. ఆయనా రాలేదు, తిరుమలేశ్ బండీ రాలేదు.

పన్నెండో రోజు బండి వచ్చింది. దాని నిండా అదే నిగనిగలాడే కూర. తిరుమలేశ్ గుండుతో ఉన్నాడు.

"ఆ గంప ముసలాయన కనబడట్లేదేం బాబూ?"

"పోయిండమ్మా. నిన్ననే పదకొండో దినం అయింది."

"అయ్యో. ఆయన నీకు తెలుసా?"

తిరుమలేశ్ చేతిలోని కట్టని బండి మీద పెట్టేశాడు.

"మా నాయన. మురికినీళ్ల మడి ఇడ్సిపెట్టనని నేను మొండికేస్తే, నా బండెనకనే గంపెత్తుకొని తిరిగిండు."