అరిచి చెప్పే రిఫరీ

“చెయ్యి ఇలా పెట్టు.”

రిఫరీ జేబులోంచి బ్లేడు తీశాడు.

లక్ష్ముడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. కుడి బొటనవేలి గోరు వాడు పెంచుకున్నది. తడిసి బిగుసుకున్న వల ముడి విప్పాలంటే ఆ గోరే ఆధారం.

“ఆట ఆడించడానికొచ్చారా, గోళ్ళు తియ్యడానికొచ్చారా బాబూ?”

కళింగపట్నం జట్టు కుర్రాళ్ళు గొల్లున నవ్వారు.

రిఫరీ నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, చంటిపిల్లాడి గోరు తీసినట్టు నెమ్మదిగా తీశాడు. తీసిన చోటును తన చెంపకు రాసి చూసుకున్నాడు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం. కోటబొమ్మాళిలో నూర్పులు అయిపోయాయి. ఖాళీ కళ్ళాన్ని పేడతో అలికి, రెండు వైపులా తాటి దూలాలు పాతి, రింగులు కట్టారు. ఏటేటా బాస్కెట్‌బాల్ అక్కడే.

ఈ ఏడు బొబ్బిలి జట్టు రాలేదు. బొబ్బిలి నుంచి రిఫరీ మాత్రం స్టేషన్లో దిగి, గూడుబండి కట్టించుకుని వచ్చాడు. బండిని కళ్ళం అంచునే ఆపించాడు. ఎద్దుల్ని విప్పారు గానీ, బండి తెర ఎత్తలేదు.

లక్ష్ముడి చూపు స్టేషన్ దారి మీదే ఉంది.

“తమరు బొబ్బిలోరే గదా బాబూ. జగన్నాధం అని, పొడుగ్గా ఉంటాడు. ఎరుగుదురా?”

రిఫరీ బ్లేడును కాగితంలో చుట్టాడు.

“ఎరుగుదును.”

“వస్తాడా?”

“ఆట మొదలెట్టాలి,” అని రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పోయిన ఏడు ఇదే కళ్ళంలో లక్ష్ముడు, జగన్నాధం ఎదురుబొదురు జట్లలో ఆడారు. ఎడమ మూల నుంచి బంతి ఎలా వెయ్యాలో లక్ష్ముడికి నేర్పింది జగన్నాధమే. అవతలి జట్టువాడై ఉండి కూడా.

ఆట చివర్లో రింగు కింద ఇద్దరూ గుద్దుకున్నారు. జగన్నాధం కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని లేచాడు.

“ఏటీ నేదురా. వచ్చే ఏడు సూసుకుందాం,” అని నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే ఏడు కోసం లక్ష్ముడు కాచుకున్నాడు. సముద్రపు ఒడ్డున పాతిన సరుగుడు బాదుకి పీపా ఇనప కట్టు రింగులా బిగించి, వేట లేని పూటల్లా ఎడమ మూల నుంచే వేశాడు. జగన్నాధం చూసి మెచ్చుకోవాలి. అంతే వాడి కోరిక.

ఆట మొదలైంది.

కోటబొమ్మాళి జట్టులో అసిరయ్య మొరటువాడు. నాగలి పట్టిన చేతులు. లక్ష్ముడివి వల లాగిన చేతులు. ఒకరికొకరు తీసిపోరు.

“అసిరయ్య మోచెయ్యి! లక్ష్ముడి పక్కలో!” రిఫరీ అరిచాడు.

“లక్ష్ముడు బనీను పట్టి లాగాడు! ఫౌల్!”

“ఎడమ మూల నుంచి లక్ష్ముడు వేశాడు! పడింది!”

ఏ రిఫరీ అయినా ఈల ఊది వేలు చూపిస్తాడు. ఈయన గొంతు చించుకుంటున్నాడు.

“రేడియో మింగేసాడేటి ఈ బాబు!” అన్నారెవరో.

“నీ మోచేతి సంగతి మీ యమ్మ కూడా ఇంటన్నాదిరా అసిరయ్యా!” అంది జనంలోంచి దాలమ్మ.

జనం విరగబడి నవ్వారు. అసిరయ్య మోచెయ్యి కాసేపు లోపలికి పోయింది.

కాసేపే.

మళ్ళీ కాలు అడ్డం పెట్టాడు. లక్ష్ముడు బోర్లా పడ్డాడు. లేస్తూనే అసిరయ్య పీక పట్టుకున్నాడు. రెండు జట్లూ మీదికి వచ్చేశాయి.

రిఫరీ ఈల ఊదలేదు. నడిచి వచ్చి, బంతిని లక్ష్ముడి గుండెకు ఆనించాడు.

“దుమ్మంటింది. తుడు.”

బంతి పట్టుకోవాలంటే పీక వదలాలి. వదిలాడు. బనీనుతో తుడిచాడు.

“ఇటు కూడా.”

అటూ ఇటూ తుడిచేసరికి ఊపిరి కుదుటపడింది.

అప్పుడు రిఫరీ గొంతెత్తాడు. “అసిరయ్య కాలు అడ్డం పెట్టాడు! లక్ష్ముడు పీక పట్టుకున్నాడు! ఇద్దరికీ ఫౌల్!”

లక్ష్ముడికి మళ్ళీ మండింది.

“ఎందుకండీ ఆ అరుపులు? అందరం సూస్తన్నాం. మేవేటి గుడ్డోళ్ళమా?”

రిఫరీ ఒక్కసారి గూడుబండి వైపు చూశాడు.

మళ్ళీ అరవడం మొదలెట్టాడు. ఈసారి ఇంకా గట్టిగా.

చివరి బంతి ఎడమ మూల నుంచే పడింది. కళింగపట్నం గెలిచింది. లక్ష్ముణ్ణి భుజాల మీదికి ఎత్తారు.

అంత ఎత్తు నుంచి వాడు స్టేషన్ దారి చూశాడు. ఎవరూ రావడం లేదు.

కిందికి దిగేసరికి రిఫరీ లేడు. బండీ లేదు.

లక్ష్ముడు స్టేషన్ వైపు పరిగెత్తాడు. సగం దారిలో బండి తోలే జోగయ్య ఎదురొచ్చాడు. బండి ఖాళీ. దూరంగా రైలు పొగ.

“మావా, రిఫరీ బాబు?”

“రైలెక్కించేసాను గదా.”

“అయ్యో. జగన్నాధం ఇల్లెక్కడో అడుగుదామని...”

జోగయ్య ఎద్దుల్ని ఆపాడు.

“జగన్నాధమా? బండిలో కూకున్న కుర్రోడి పేరదే. ఆ బాబు కొడుకు.”

“బండిలోనా? మరి దిగలేదేటి మావా?”

“సూపు నేదురా. పోయిన ఏడు ఆటలో ఎవుడిదో గోరు గీసుకుని ఒక కన్ను పోయిందట. దాని ఎనకాలే రెండోదీ. తండ్రి అరుస్తంటే ఇంటన్నాడు. ఎడమ మూల అన్నప్పుడల్లా తొడ సరిసి, ‘అదీ!’ అన్నాడు.”

లక్ష్ముడు బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

“లోపల ఉక్కగా ఉన్నాది, తెర ఎత్తనా బాబూ అన్నాను,” అన్నాడు జోగయ్య. “‘ఒద్దు మావా, నన్ను సూస్తే లక్ష్ముడు ఆడలేడు’ అన్నాడు.”