సొట్టలేని బిందె

పట్టాలు తప్పిన గూడ్సుబండి సరుకు వేలం వేస్తుంటే, గణేష్ విశాఖపట్నంలో రెండు కొత్త స్టీలు బిందెలు చవగ్గా కొని ఓడలో అండమాన్‌లోని మాయాబందర్ తెచ్చాడు. సొట్టపడ్డది వదిన గురువమ్మకిచ్చాడు. నున్నటిది పెళ్ళాం చిట్టితల్లికిచ్చాడు.

"పెద్దకోడల్ని నాను. నాకు సొట్టదేటి?" అంది గురువమ్మ.

"అరే, రెండిట్లోనూ నీల్లే కదా వదినా," అని గణేష్ నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమె కడుపు రాత్రిదాకా మండుతూనే ఉంది. కరెంటు పోయి, జెట్టీ వైపు కుక్కలు కూడా ఊరుకున్నాక, తోడికోడలి వాకిట్లో బోర్లించిన బిందె తీసుకుని, తన సొట్టది అక్కడ పెట్టి వచ్చేసింది.

చీకట్లోనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. అడుగున వేళ్ళకు చుక్కలు తగిలాయి. పగలు కుళ్ళుకుంటూ తిప్పి తిప్పి చూసినప్పుడు అక్కడ ఒక్క గీత కూడా లేదు.

ఫోన్ లైటు వేసింది. పేరు కొట్టి ఉంది. సంతకం కోసం నేర్చుకున్న ఆ అక్షరాలు తప్ప ఆమెకు ఇంకేవీ చదవడం రాదు. మైలపల్లి గురువమ్మ.

"సూసేవా చిట్టీ? ఇది నాదే," అంది గోడకేసి, నవ్వుతూ.

పేరు పక్కన ఇంకో మాట ఉంది. చదవలేకపోయింది గానీ, ఎక్కడో చూసిన మాటే. గూట్లోంచి, అత్త పెద్దకర్మనాడు చుట్టాలందరికీ పంచిన గ్లాసు తీసి పక్కన పెట్టి చూసింది.

అత్త పేరు పక్కనా అదే మాట. జ్ఞాపకార్థం.