నాన్న చేతి మరమ్మతు

"నాన్నా, పాటల సైటు వస్తోంది, వార్తలు వస్తున్నాయి. ఒక్క కాలేజీ సీట్ల సైటుకే ఏం రోగమొచ్చింది?" ఇనాస్ మౌస్‌ని బల్లకేసి కొట్టింది. "మధ్యాహ్నం రెండింటికి గడువు అయిపోతుంది!"

హిల్మీ తేలు కుట్టిన దొంగలా కంప్యూటర్ వెనక్కి వంగి, బాగానే ఉన్న తీగను పీకి మళ్ళీ గుచ్చాడు. రోగం ఎక్కడుందో ఆయనకు తెలుసు. పొద్దున కూతురు నిద్ర లేవకముందే కంప్యూటర్ లోపలి ఫైల్లో రెండు లైన్లు రాసి, సీట్ల సైటుకూ యూనివర్సిటీ సైటుకూ దారి మూసేసింది ఆయనే.

మరేం చేస్తాడు? ఇనాస్ స్నేహితురాలితో ఫోన్లో అన్న మాటలు నిన్న చెవిన పడ్డాయి. "అస్వానే... రేపు రెండింటిలోపు సైట్లో పెట్టేయాలి... నాన్నకి చెప్పలేదు, తట్టుకోలేడు." అస్వాన్ అంటే తమ ఊరు ఇస్మాయిలియా నుంచి రైల్లో ఒక రోజంతా పడుతుంది. తల్లి లేని పిల్ల. ఉన్న ఒక్క కూతురూ కోరి కోరి అంత దూరం పోతానంటే ఆయన గుండెల్లో రాయి పడింది. ఈ విడత తప్పితే, రెండో విడతలో ఊళ్ళోనే ఏదో ఒక సీటు రాకపోదని ఆయన ఆశ.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు చేసినవాడివి. సగం ఊరి ఫోన్లు నీ చేత్తోనే బతికాయి. ఈ డబ్బా నీకో లెక్కా?" అంటూ ఇనాస్ పుదీనా టీ తెచ్చి పెట్టింది. ఆయనకిష్టమని మూడు చెంచాల చక్కెర వేసింది. ఆయన గ్లాసు పక్కకి జరిపాడు.

"నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యి నాన్నా."

చేయక తప్పలేదు.

"మిగతా సైట్లు వస్తున్నాయా హాజీగారూ?" అన్నాడు అవతలివాడు.

"వస్తున్నాయి."

"అయితే లోపం మా లైన్లో లేదు, మీ ఇంట్లోనే ఉంది. ఎవరో కావాలనే మూసుంటారు. ఇంట్లో అల్లరి పిల్లలున్నారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, హిల్మీ ఉలిక్కిపడి రిసీవర్‌ని చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. "ఓహో, మీ లైన్లోనే లోపమా? గంటలో బాగవుతుందా? సరే బాబూ, అల్లా నిన్ను చల్లగా చూడాలి!" అవతలివాడు "హలో, హలో" అంటుండగానే పెట్టేశాడు. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఎవడో అమాయకుడి మీద నింద వేసినందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"గంటా? నావల్ల కాదు. నెట్ కేఫ్‌కి పోతా." ఇనాస్ తలకు గుడ్డ చుట్టుకుంటూ లేచింది.

"మతిపోయిందా నీకు? పోయినేడు ఆ కేఫ్‌లోనే కదా, పక్కింటావిడ ఉమ్మ్ షాదీ కొడుకు రహస్య నంబరు కొడుతుంటే వెనకున్నవాడు చూసి, వాడడిగిన కాలేజీలన్నీ తారుమారు చేసింది! ఇంజనీరు కావలసినవాడు వ్యవసాయ కాలేజీలో తేలాడు. వీధంతా నవ్వలేదూ?"

ఇనాస్ ఆగిపోయింది. చుట్టుకున్న గుడ్డ విప్పేసింది. "నిజమే. నువ్వే చూడు నాన్నా. నిన్నే నమ్ముకున్నా."

ఆ మాట ఆయన్ని కోసేసింది. ఇనాస్ పక్కగదిలో నమాజు చాప మీద కూర్చుని, సైటు రావాలని వేడుకుంటోంది. ఒంటిగంట యాభైకి ఇక ఉండబట్టలేక హిల్మీ ఆ ఫైలు తెరిచాడు. రెండు లైన్లు. చెరిపితే పోతాయి. ఇంతలో ఖాళీ ఇల్లూ, ఒక్కడే కూర్చుని తినే రొట్టే కళ్ళముందు మెదిలి చెయ్యి ఆగిపోయింది. కన్నకూతురికే ద్రోహం చేస్తున్నానని తెలుసు. తెలిసే, గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు.

రెండూ అయిదుకి లైన్లు చెరిపి కేకేశాడు. "తల్లీ, వచ్చేసింది!"

పరుగెత్తుకొచ్చింది. 'గడువు ముగిసింది' అని ఉంది తెర మీద. ఇనాస్ కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

హిల్మీ కూతురి తల నిమిరాడు. "ఊరుకో తల్లీ. ఏది జరిగినా మన మంచికే. ఇక్కడే నా కళ్ళముందే చదువుకుందువుగాని. అస్వాన్ పోకపోతే ఏం మునిగింది?"

ఇనాస్ తడికళ్ళతో ఆయన్ని చూసింది.

"అస్వాన్‌లో నాకు సీటు పోయినవారమే ఇచ్చేశారు నాన్నా. దాన్ని మార్చి నన్ను ఇస్మాయిలియాలోనే ఉంచమని అడగడానికే ఇవాళ రెండింటిదాకా గడువు."