ఇరవై మూడో బుట్ట

ఆ ఇంజనీరు ముక్కు సంగతి చెబితే మీరు నమ్మరు. చెత్తబుట్ట మూత తియ్యకుండానే, ఆ ఇంట్లో నిన్న మాడింది పప్పో పాలో చెప్పేసేవాడు. ఒకసారి బుట్ట వాసన చూసి, ఆ ఇంటికి కొత్తల్లుడు దిగాడన్నాడు. నిజంగానే దిగాడట.

ఊళ్ళో ఇళ్ళ చెత్తను కాల్చాలా, పాతిపెట్టాలా, ఎరువు చెయ్యాలా? దేనివల్ల గాలికీ నేలకూ నీటికీ తక్కువ చేటో తేల్చే పని అతని నెత్తిన పడింది. నివేదిక నెగ్గితే పెద్ద ఇంజనీరు కుర్చీ అతనిదే. అందుకే మూడు నెలలుగా కోడి కూయకముందే తూకాల షెడ్డులో వాలుతున్నాడు. తిండీ తిప్పలూ క్యాంటీన్లోనే.

పరీక్షకు ముప్పై ఇళ్ళను గుమాస్తా చీటీలు తీసి ఎంచాడు. మొహమాటాలు అడ్డొస్తాయని ఇంజనీరు ఆ చిరునామాల వంక కన్నెత్తి చూడలేదు. బుట్టకో అంకె, అంతే.

అన్ని బుట్టలూ దారికొచ్చాయి, ఇరవై మూడోది తప్ప. అందులో రోజూ ఒక మనిషి భోజనం, ఎవరూ చెయ్యి పెట్టనిది. కాల్చబోతే మంట ఆరిపోయేంత తడి. పాతితే కుళ్ళి గబ్బు. ముప్పై ఇళ్ళ సగటునూ ఆ ఒక్క బుట్టే తలకిందులు చేస్తోంది.

ఇంజనీరు వంగి వాసన చూశాడు. ఉప్పును కూడా పసిగట్టే ముక్కు మరి.

"చప్పిడి కూర. ఎవరో బీపీ మనిషి ఇల్లు" అని, గుర్తొచ్చి తన బిళ్ళ తను మింగాడు. ఆ ఇంటికి నోటీసు పంపాల్సిందే అన్నాడు.

బుట్టలు తెచ్చే ఆవిడను అందరూ బండి పిన్ని అంటారు. ఆవిడ అడ్డుపడింది.

"వద్దులే బాబూ. ఆ ఇంట్లో ఆవిడొక్కతే. మగమనిషి ఉండగా నేనెన్నడూ చూళ్ళేదు. పోయినట్టున్నాడు పాపం. అలవాటు చావక రోజూ ఆయనకింత వండిపెడుతోంది."

"ఆయనిక రాడని ఎవరో ఒకరు ఆవిడకు చెప్పాలిగా పిన్నీ. ఆ చెప్పేదేదో మనమే చెబుదాం."

పిన్ని బండి తోసుకుంటూ పోయింది.

తినేవాళ్ళు లేని తిండి వండి ఊరి గాలిని పాడు చెయ్యొద్దంటూ ఇంజనీరు ఘాటుగా నోటీసు రాశాడు. కింద సంతకం గీకాడు.

చిరునామా కోసం ఇంజనీరు, గుమాస్తా రాసిన పట్టికను మొదటిసారి తెరిస్తే, ఇరవై మూడుకు ఎదురుగా ఉన్నది తన ఇంటి నంబరే.