కుడికాలి నేరం

"లోపం దొరికినా దొరక్కపోయినా, దొరికిందనే చెప్పు తమ్ముడూ," అందామె గొంతు తగ్గించి.

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ షెడ్డు బయటికి చూశాడు. ఆమె భర్త బెంచీ మీద కూర్చుని తన కుడికాలి వంకే చూస్తున్నాడు, ఎవరిదో కాలు తెచ్చి తనకి తగిలించినట్టు. పక్కనే ముందు భాగం నుజ్జయిన కారు.

"అబద్ధాలాడి బతికేవాణ్ణయితే పాత కార్లు అమ్ముకునేవాణ్ణి కదక్కా."

"ఇదీ పాతదే. ఎన్ని చేతులు మారి మా దగ్గరికొచ్చిందో. ఇది లారీని గుద్ది మా పాప పోయి నాలుగు నెలలు. ఆయన ఏడవలేదు, కడుపునిండా తినలేదు. బ్రేకు తొక్కినా కారు ఆగలేదనేవాడు. తొక్కితే ఎందుకాగదని అందరూ అడిగీ అడిగీ, ఇప్పుడు తొక్కలేదేమోనని తనే అంటున్నాడు. ఇలాగే ఉంటే ఆయనా నాకు దక్కడు."

మెకానిక్ టార్చి నోట కరుచుకుని స్టీరింగు కింద వెల్లకిలా దూరాడు. ఐదు నిమిషాల పనన్నవాడు అరగంటైనా లేవలేదు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దుమ్ము," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

వెళ్ళి బెంచీ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"అన్నా, ఆ రోజు క్రూజ్ కంట్రోల్ పెట్టారా?"

"ఎనభైలో పెట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను, కారు తనంతట తనే అదే వేగంతో పోతోంది. మలుపు తిరిగితే ఎదురుగా ఆగి ఉన్న లారీ."

"బ్రేకు మీద కాలు పడగానే క్రూజ్ ఆగిపోవాలి. దానికి పెడల్ దగ్గరో చిన్న స్విచ్ ఉంటుంది. అది చెడిపోతే క్రూజ్ అసలు పట్టదు. అమ్మేటప్పుడు అన్నీ పనిచేస్తున్నట్టు కనబడాలని ఎవడో ఆ స్విచ్ పీకేసి రెండు తీగలూ మెలిపెట్టేశాడు. దాంతో క్రూజ్ పడుతుంది గానీ బ్రేకు తొక్కినా వదలదు. మీరు బ్రేకు తొక్కుతూనే ఉన్నారు, ఇంజను ముందుకు తోస్తూనే ఉంది."

"అయితే నేను తొక్కాను."

"తొక్కారు."

"సమయానికే తొక్కాను."

"సమయానికే తొక్కారన్నా. మీ కాలు తప్పేం లేదు."

ఆయన రెండు చేతులతో మోకాలు పట్టుకుని వంగిపోయాడు. నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. చాలాసేపటికి తలెత్తాడు.

"ఆ తీగలు కలిపినవాడికి పిల్లలుండరా?"

"ఉండే ఉంటారు," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ.

ఆయన మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళగానే ఆమె గబగబా వచ్చింది.

"స్విచ్చంట, తీగలంట! నేనే నమ్మేశాను. ఇంత చక్కగా అబద్ధమాడతావనుకోలేదయ్యా. నా ఇల్లు నిలబెట్టావు."

మెకానిక్ నోరు తెరిచాడు. ఆమె అతని గ్రీజు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

రెండేళ్ల కిందట ఆ తీగలు కలిపినవి ఆ చేతులే.