పెబ్బేరు దారిలో ప్రార్థన

పెబ్బేరు సంత ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా, బుచ్చన్న బర్రె నడిరోడ్డు మీద కూలబడింది.

మే నెల ఎండ. ఇటు రెండు లారీలు, అటు వనపర్తి బస్సు. అన్నీ ఒకేసారి హారన్ కొట్టాయి.

బుచ్చన్న తాడు పట్టి గుంజాడు. తోక మెలిపెట్టాడు. బతిమాలాడు. తిట్టాడు. బర్రె కళ్లు కూడా పూర్తిగా తెరవలేదు.

“బస్సెక్కుతదేమో అడుగన్నా, టికెట్ కొడ్త!” అన్నాడు కండక్టరు.

అసలే పొద్దున్నుంచీ బుచ్చన్నకు ఏదీ కలిసిరాలేదు. బోరు మోటరు కాలిపోయింది. దారిలో చెప్పు తెగింది. బర్రెను అమ్మొద్దని అలిగిన భార్య రేణుకమ్మ సద్ది కూడా కట్టలేదు. రెండేళ్లుగా ఈనని బర్రెను ఎన్నాళ్లని మేపుతారు?

అన్ని కోపాలూ కలిపి కట్టె ఎత్తాడు.

“జర ఆగు తమ్మీ!”

బస్సులోంచి ఒక ముసలాయన దిగాడు. తెల్ల చొక్కా, చంకలో బైబిలు, చేతిలో నీళ్ల సీసా.

“ప్రార్థన చేద్దాం పా.”

“ఇప్పుడా? ఈడనా?” బుచ్చన్న నోరు తెరిచాడు.

“పరేషాన్ ఈడనే ఉంది గద!”

ముసలాయన సీసాలో నీళ్లన్నీ బర్రె తల మీద పోశాడు. దాని పక్కన గొంతుక్కూర్చుని, కడుపు మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

“ప్రభువా, ఈ తమ్మునికి నిమ్మలం ఇయ్యి. వాని గుండెల మంట చల్లార్పు...”

“నాకు కాదు, బర్రెకు చెయ్యి!”

“...వానికి జర ఓపిక గూడ ఇయ్యి...”

“ఓ పెద్దాయనా, కూలవడ్డది బర్రె!”

“...ఇనేటందుకు చెవులు గూడ ఇయ్యి, ప్రభువా.”

బస్సులో నవ్వులు మొదలయ్యాయి.

ముసలాయన ఒక కన్ను తెరిచాడు. “ఇంకేమేం కష్టాలున్నయి తమ్మీ?”

చెప్పకూడదనే అనుకున్నాడు బుచ్చన్న. కానీ మోటరు సంగతి నోరు జారింది. దాని వెనకే చెప్పు సంగతి, దాని వెనకే రేణుకమ్మ సంగతీ వచ్చేశాయి. ముసలాయన ఒక్కటీ వదలకుండా అన్నీ ప్రభువుకు విన్నవించాడు. తెగిన చెప్పును కూడా మర్చిపోలేదు.

“ఆమేన్,” అన్నాడు చివరికి.

బుచ్చన్న నోటి నుంచి కూడా ఆ మాట జారిపడింది. చూసుకుంటే చేతిలో కట్టె లేదు. తాను కూడా బర్రె పక్కనే చతికిలబడి ఉన్నాడు.

“ఇది సూడిది తమ్మీ. కడుపుతోని ఉన్నదాన్ని ఎండల నడిపియ్యకు. ఇంటికి తోల్కపో.”

“సూడిదా! రెండేండ్ల సంది ఎదకే రాలేదు. నీకేం తెలుసు పాస్టరయ్యా?”

ముసలాయన నవ్వి బస్సెక్కాడు. కాసేపటికి బర్రె తనంతట తానే లేచి నిలబడింది. బస్సు కదిలింది. ముసలాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

బర్రె సంత వైపు కాక ఇంటి వైపు తిరిగింది. అడ్డం పడటానికి బుచ్చన్న దగ్గర కోపం మిగల్లేదు. దాని వెనకే నడిచాడు.

“అమ్మలేదా?” అంది రేణుకమ్మ వాకిట్లోనే.

“దానికి ఇష్టం లేదంట,” అన్నాడు.

ఆనాటి నుంచి అతనికొక అలవాటైంది. కరెంటు పోయినా, పొలం గట్టు మీద తగాదా వచ్చినా, కూరలో ఉప్పు ఎక్కువైనా, ఒక్క నిమిషం కళ్లు మూసుకునేవాడు. “ప్రభువా, ముందుగాల నన్ను నిమ్మలం చెయ్యి.” కరెంటు వచ్చేది కాదు. కోపం మాత్రం పోయేది. ఇల్లు ఇంత చడీచప్పుడు లేకుండా ఉండటం అలవాటు లేక, మొదట్లో రేణుకమ్మ అతని నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

వానలు పడి చేలు పచ్చబడే వేళకు బర్రె ఈనింది.

“ఏం ప్రార్థన అది! ఒట్టిపోయిన బర్రెను సూడి చేసింది!” అని బుచ్చన్న ఊరంతా చాటాడు.

రేణుకమ్మ జున్ను వండి టిఫిన్ డబ్బాలో పెట్టింది. “పో, ఆ పాస్టరయ్యకు ఇచ్చి దండం పెట్టి రా.”

పెబ్బేరులో వాకబు చేశాడు. అక్కడివాళ్లు వనపర్తిలోని ఒక చర్చికి పంపారు. ఆనవాళ్లు చెప్పగానే అక్కడి పాస్టరు సతీష్ కుర్చీ జరిపాడు.

“కూసో అన్నా. రత్నయ్య సారు పోయిన నెలనే ప్రభువు దగ్గరికి పోయిండ్రు.”

బుచ్చన్న జున్ను డబ్బాను ఒళ్లోకి తీసుకున్నాడు.

“నడిరోడ్డు మీద ఆయన మీదికి ఎగిరెగిరి పడ్డ. మాఫీ అడుగుదామని వచ్చిన,” అన్నాడు. “బర్రె కడుపు పండిచ్చిన పాస్టరు మళ్ల యాడ దొరుకుతడు సారూ?”

సతీష్‌కు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి.

“ఆయన పాస్టరు కాదన్నా. పశువుకు సూది ఏసేముందు దాన్ని తోల్కొచ్చినాయన కోసం ప్రార్థన చేసేటోళ్లు. ముప్పై ఏండ్లు పశువుల దవాఖానల డాక్టరు.”