నేల మీద సీసా

"అమ్మాయ్! ఆ సీసా నేల మీదే ఉండాలి. పైకెత్తకు."

ముసలాయన ఆ మాట అనడం పొద్దుట్నుంచి నాలుగోసారి.

దర్జీ భార్యకి ఒళ్లు మండింది.

అసలే ఆమె బాధలో ఆమె ఉంది. మొగుడి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. డాక్టరు పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి, రెండో కొసను మంచం కింద నీళ్ల సీసాలో ముంచాడు. ఆరు రోజులుగా చీము అందులోకి దిగుతోంది. జ్వరం తగ్గింది. నిన్న ఆకలేస్తోందని కూడా అన్నాడు.

మధ్యలో ఈయన గోల ఒకటి! రోజూ వస్తాడు. ఏడో నంబరు మంచం దగ్గరే నిలబడతాడు. మనిషి మొహం చూడడు, సీసానే చూస్తాడు.

"నీకేం పనీపాటా లేదా తాతా?"

"లేదమ్మా."

"మా ఆయన్ని చూసుకోడానికి నేను లేనూ?"

"ఉన్నావు. అదే నా భయం."

ఇదెక్కడి మాట! ఆమె విసురుగా వెళ్లి వాచ్‌మన్‌ని పిలుచుకొచ్చింది.

"ఈయన్ని పంపించెయ్ అన్నా. చూస్తేనే భయమేస్తోంది."

వాచ్‌మన్ నసిగాడు. "పాపం, ఉండనివ్వమ్మా..."

"పెద్ద డాక్టరుకి చెప్పనా?"

ముసలాయన వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ సీసా వంకే చూశాడు.

మర్నాడు ఎక్స్‌రే. చక్రాల కుర్చీ వచ్చింది.

"సీసా పడిపోకుండా చూసుకో!" అని అరిచి, నర్సు పక్క వార్డుకి పరిగెత్తింది.

పడిపోకూడదు కదా. ఆమె సీసాను మొగుడి చేతుల్లో పెట్టి, గుండెలకి హత్తుకోమంది. జాగ్రత్తగా, మెల్లగా తోసుకెళ్లింది.

ఎక్స్‌రే గది ముందు అరగంట వరసలో ఉన్నారు. సీసాలోని చీమునీళ్లు గొట్టంలో వెనక్కి పాకి, మళ్లీ ఛాతీలోకే చేరాయి.

సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలింది. ఊపిరి అందలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే "బతుకుతాడా?" అని ఏడ్చింది.

"సీసా ఎవరెత్తారు?" అని అడిగాడు డాక్టరు.

ఆమె గేటు దగ్గరికి పరిగెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

"అన్నా, ఆ తాతేడీ? కాళ్లు పట్టుకుంటాను. ఆయన డాక్టరా?"

"నిన్న వెళ్లాక మళ్లీ రాలేదమ్మా. డాక్టరూ కాదు, ఏమీ కాదు." వాచ్‌మన్ తల దించుకున్నాడు. "నాలుగేళ్ల కింద ఆయన కొడుకు పోయింది ఆ ఏడో నంబరు మంచం మీదే. ఎక్స్‌రేకి తీసుకెళ్తూ, పడిపోకూడదని సీసాని కొడుకు గుండెల మీద పెట్టింది ఆయనే."